నడక మానొద్దు మాస్టారూ, దారి మార్చండి

ప్రశ్న: నాకు 69 ఏళ్లు. హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యాను. రాజమహేంద్రవరంలో మోరంపూడి దగ్గర ఉంటున్నాం. బీపీ, సుగరు ఉన్నాయి. నాలుగేళ్ల కిందట గుండెకు స్టెంట్ వేశారు. అప్పటినుంచి రోజూ తెల్లవారుజామున ఐదింటికి హైవే పక్క సర్వీసు రోడ్డు మీద లాలాచెరువు వైపు ముప్పావుగంట నడిచి వస్తున్నాను. ఆరుగురం బ్యాచ్. తిరిగొచ్చాక జంక్షన్‌లో టీ తాగి, కాసేపు కబుర్లు చెప్పుకుని ఇంటికి చేరతాం. నెల రోజులుగా పొడిదగ్గు వదలడం లేదు. హైదరాబాదులో ఉన్న మా అబ్బాయి, "ఆ పొగలో నడిచేకంటే ఇంట్లో కూర్చోవడం నయం నాన్నా, ట్రెడ్‌మిల్ పంపిస్తాను, గాలి శుభ్రం చేసే మిషన్ కూడా కొందాం" అంటున్నాడు. మా ఆవిడేమో నడక మానేస్తే సుగరు పెరిగిపోతుందని టెన్షన్ పడుతోంది. ఎవరి మాట వినాలి? మాస్కు పెట్టుకుని నడిస్తే సరిపోతుందా? వాడుతున్న మందుల చీటీ జత చేశాను.
— ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

సమాధానం: మాస్టారూ, ఇద్దరి మాటా వినండి. నడక మానకూడదన్న విషయంలో అమ్మగారిది రైటు. ఆ రోడ్డు మంచిది కాదన్న విషయంలో అబ్బాయిది రైటు. ఇంట్లో కూర్చోవడం నయం అన్నది మాత్రం రైటు కాదు.

ముందు దగ్గు సంగతి చూద్దాం. దాన్ని మీరిద్దరూ గాలి మీదికి నెట్టేశారు. మీరు పంపిన చీటీలో మూడో మందు రామిప్రిల్. బీపీకీ గుండెకూ మంచి మందే. కానీ 'ప్రిల్' అని ముగిసే ఈ జాతి మందులు వాడేవాళ్లలో కొందరికి ఒక తిక్క దగ్గు వస్తుంది. కళ్లె ఉండదు, జ్వరం ఉండదు, గొంతులో గరగర, రాత్రి పడుకుంటే ఎక్కువ. మందు మొదలుపెట్టిన వారానికే రావచ్చు, నెలల తర్వాత కూడా రావచ్చు. దగ్గు మందు సీసాలు ఎన్ని తాగినా తగ్గదు. ఆ మాత్ర మారిస్తే కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. దీనికి బదులుగా టెల్మిసార్టాన్, లోసార్టాన్ లాంటివి ఉన్నాయి, వాటితో ఈ దగ్గు బెడద చాలా తక్కువ. అలాగని మీ అంతట మీరు రేపటినుంచి మాత్ర ఆపేయకండి. స్టెంట్ ఉన్న మనిషి బీపీ మందు హఠాత్తుగా మానేయడం దగ్గుకంటే ప్రమాదం. చీటీ పట్టుకెళ్లి డాక్టరుగారికి చూపించి, "నా దగ్గు దీనివల్లేనాండీ?" అని అడగండి.

ఇంకో సంగతి. రెండు వారాలు దాటిన దగ్గు ఏదైనా సరే, టీబీ కాదని తేల్చుకోవాలి. సుగరు ఉన్నవాళ్లకు టీబీ వచ్చే అవకాశం మామూలు వాళ్లకంటే రెండు మూడు రెట్లు ఎక్కువ. కళ్లె పరీక్ష ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా చేస్తారు. ఛాతీ ఎక్స్‌రే కూడా తీయించుకోండి. "మాకెందుకొస్తుందండీ టీబీ" అనుకునే పెద్దమనుషుల్లోనే ఆలస్యంగా బయటపడుతుంటుంది. ఆ రెండూ తేలాక మిగిలిన దగ్గుంటే, అప్పుడు గాలిని తిట్టుకుందాం.

ఇక గాలి. కూర్చున్నప్పుడు మనిషి నిమిషానికి ఆరేడు లీటర్ల గాలి పీలుస్తాడు. చురుగ్గా నడిచేటప్పుడు అది పాతిక లీటర్ల దాకా పోతుంది. ఆయాసం వచ్చి నోటితో పీల్చడం మొదలుపెడితే ముక్కు చేసే వడపోత కూడా ఉండదు. పీఎం 2.5 అంటారే, రెండున్నర మైక్రాన్లకు లోపు ఉండే నుసి, అది ఊపిరితిత్తుల అడుగుదాకా దిగుతుంది. అందులోనూ బాగా సన్నటిది రక్తంలోకి కూడా చేరుతుంది. కాబట్టి గాలి కాలుష్యం ఊపిరితిత్తుల గొడవ మాత్రమే కాదు, గుండె గొడవ కూడా. గుండెపోటుకూ పక్షవాతానికీ అది ఒక కారణమని వైద్యులు ఒప్పుకుని చాలా కాలమైంది. మీ అబ్బాయి భయం ఉత్తిదేం కాదు.

అయితే ఆ భయం నడక మానేసేంతది కాదు. మీరు లెక్కల మాస్టారు కాబట్టి ఒక లెక్క చెబుతాను. 2016లో కేంబ్రిడ్జి పరిశోధకులు నడక వల్ల వచ్చే లాభాన్నీ, ఆ సమయంలో పీల్చే కాలుష్యం వల్ల వచ్చే నష్టాన్నీ పక్కపక్కన పెట్టి లెక్కగట్టారు. పీఎం 2.5 ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములున్న ఊళ్లో కూడా, నష్టం లాభాన్ని మించాలంటే రోజుకు పది గంటలకు పైగా నడవాలని తేలింది. సైకిలు తొక్కితే గంటన్నర. మన మీద ఆ గాలి ఎటూ రోజంతా పడుతూనే ఉంటుంది, నడిచే అరగంటలో అదనంగా పీల్చేది కొంచెమే, నడక చేసే మేలు మాత్రం పెద్దది. అదీ ఆ లెక్కలో సారం. కాకపోతే అది జనాభా మొత్తం సగటు మీద వేసిన లెక్క. స్టెంట్ వేసుకున్న ఒక మాస్టారి గురించి వేసింది కాదు.

మీకు దగ్గరగా వచ్చే పరిశోధన ఇంకొకటుంది. లండన్‌లో అరవై దాటిన 119 మందితో చేశారు, 2018లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. వాళ్లలో ఆరోగ్యవంతులున్నారు, సీఓపీడీ, అంటే ఊపిరి గొట్టాలు మూసుకుపోయి ఆయాసం పెట్టే దీర్ఘకాలపు జబ్బు, ఉన్నవాళ్లున్నారు, మీలాగా గుండె రక్తనాళాల జబ్బున్నవాళ్లూ ఉన్నారు. ఒక్కొక్కరినీ ఒకసారి హైడ్ పార్కులో, మరోసారి ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో రెండేసి గంటలు నడిపించారు. ఆ వీధిలో అప్పట్లో తిరిగేవి ఎక్కువగా డీజిల్ బస్సులు, టాక్సీలు. అదే మనుషులు, అదే రెండు గంటలు. పార్కులో నడిచిన రోజున ఊపిరితిత్తుల పనితీరు మెరుగైంది, రక్తనాళాల బిరుసు తగ్గింది. ఆ మేలు మర్నాటిదాకా కనిపించింది. బస్సుల వీధిలో నడిచిన రోజున ఆ మేలు చాలావరకు ఎగిరిపోయింది. కాళ్లు పడ్డ కష్టం ఒకటే, ఫలితం మాత్రం రోడ్డు తినేసింది. అందులో మీకు పనికొచ్చే సంగతి ఇంకొకటుంది: గుండె మందులు క్రమం తప్పకుండా వాడుతున్నవాళ్లలో రక్తనాళాలకు జరిగే చెరుపు తక్కువగా కనిపించింది. నడుస్తున్నాం కదా అని మాత్రలు ఎగ్గొట్టే మీ బ్యాచ్‌లో వాళ్లకు ఇది చదివి వినిపించండి.

ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌కీ మన 16వ నంబరు జాతీయ రహదారికీ పోలికేమిటంటారేమో. రెండింట్లోనూ కాలేది డీజిలే. పైగా మనకు ఇసుక లారీలు అదనం. పట్టా కప్పకుండా పోయే లారీ వెనక ఐదు నిమిషాలు నడిచినవాళ్లకు నేను చెప్పేదేముంది, చొక్కా కాలరు చెబుతుంది.

మీరు గర్వంగా రాసిన 'తెల్లవారుజాము ఐదింటికి' అన్న మాట దగ్గర ఆగుదాం. పొద్దున్నే గాలి స్వచ్ఛంగా ఉంటుందని మనకు చిన్నప్పటినుంచీ నూరిపోశారు. పొలాల మధ్య పల్లెటూళ్లో అది నిజమై ఉండొచ్చు. హైవే పక్కన, కార్తీకం నుంచి మాఘం దాకా, అది తప్పు. చలికాలం రాత్రి నేల చల్లబడుతుంది, నేలనానుకున్న గాలీ చల్లబడుతుంది, దాని మీద వెచ్చటి గాలి పొర ఒకటి వచ్చి గిన్నె మీద మూత పెట్టినట్టు కూర్చుంటుంది. రాత్రంతా లారీలు వదిలిన పొగ పైకి పోయే దారి లేక అక్కడక్కడే తిరుగుతుంది. మంచు పట్టినట్టుందని మీరు మురిసిపోయే దాంట్లో పొగ కూడా ఉంటుంది. ఎండ వచ్చి నేల వేడెక్కాకగానీ ఆ మూత లేవదు.

ఐదింటికి ఆ రోడ్డు మీద ఇంకేం జరుగుతుందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. పొడుగు చీపుళ్లతో రోడ్లు ఊడుస్తుంటారు, దీపం స్తంభం వెలుగులో ఆ దుమ్ము మనిషి ఎత్తున లేవడం కనిపిస్తూనే ఉంటుంది. ఊడ్చిన ఆకులూ ప్లాస్టిక్ కవర్లూ ఓ మూల పోగేసి ఎవరో ఒకరు అగ్గిపుల్ల గీస్తారు. రాత్రి ఆగిన లారీల ఇంజన్లు ఆన్ చేసి పది నిమిషాలు అలాగే ఉంచుతారు. ఇది కోతల కాలం కూడా. సర్వీసు రోడ్ల మీద, కాలవ గట్ల మీద ధాన్యం ఆరబోసి తిరగేస్తుంటే లేచే దుమ్మూ నూగూ దగ్గున్నవాళ్లకు వెంటనే తెలుస్తుంది. మిషన్ కోత అయ్యాక కొన్నిచోట్ల గడ్డి తగలబెడతారు, దాళ్వా, అంటే రెండో పంట, అయ్యాక మళ్లీ అదే. తాడేపల్లిగూడెం, భీమవరం వైపు రైసుమిల్లుల పక్కన ఉండే పాఠకులకైతే డాబా మీద ఆరేసిన బట్టల మీద పడే ఊక బూడిద గురించి వేరే చెప్పక్కర్లేదు.

చలికీ గుండెకూ కూడా ఒక లంకె ఉంది. చల్లగాలికి రక్తనాళాలు బిగుసుకుని బీపీ పెరుగుతుంది. గుండెపోట్లు ఎక్కువగా వచ్చేది కూడా ఉదయం పూటే. స్టెంట్ ఉన్నవాళ్లు చలిలో, చీకట్లో, పొగలో లేచీలేవగానే బయల్దేరాల్సిన అవసరం నాకు కనిపించదు.

అందుకని ఈ చలికాలం ఏడున్నర, ఎనిమిది మధ్య బయల్దేరండి. ఆ టైముకి హైవే మీద స్కూలు బస్సులూ ఆఫీసు బళ్లూ మొదలవుతాయి, నిజమే. కానీ మీరు హైవే మీద ఉండరు కదా. రోడ్డు పక్క కాలుష్యం రోడ్డుతో పాటు ఊరంతా సమానంగా పరుచుకోదు. వంద, నూటయాభై మీటర్లు లోపలికి పోయేసరికే బాగా తగ్గుతుంది. మీ ఇంటినుంచి హైవేకి వీపు పెట్టి కాలనీ లోపలి వీధుల్లోకి నడవండి. అవే నాలుగు వీధులు తిరగడం బోరంటారా, బోరు కొట్టే వీధులే మనక్కావాలి. వారంలో ఒకటి రెండు రోజులు స్కూటీ మీద గోదావరి గట్టుకు పోయి గౌతమీ ఘాట్ వైపు నడవండి, ఏటి మీది గాలి ఆడుతుంది. ఉదయం కుదరకపోతే సాయంత్రం నాలుగున్నర, ఐదున్నర మధ్య కూడా మంచి టైమే, చీకటి పడి మళ్లీ మూత పడకముందే ఇంటికి వచ్చేయొచ్చు. ఎండాకాలం వస్తే మీ పాత ఐదింటి టైమే సరైనది. అప్పుడు ఎనిమిదికే ఉక్క, మధ్యాహ్నమైతే ఎండకు ఊపిరితిత్తులకు చెరుపు చేసే ఓజోన్ వాయువు తయారవుతుంది. వానాకాలం గురించి బెంగ లేదు. జారిపడకుండా చూసుకోండి చాలు.

టీ గురించి రాయక తప్పదు, బ్యాచ్‌లో మిగతా ఐదుగురూ నన్ను తిట్టుకున్నా సరే. మీరు నడిచేది ముప్పావుగంట. జంక్షన్‌లో నిలబడి కబుర్లు చెప్పుకునేది, మీరు 'కాసేపు' అన్నారు గానీ, గోదావరి జిల్లాల్లో కాసేపు అంటే అరగంటకు తక్కువ ఉండదు. ఆర్టీసీ బస్సు ఆగేదీ, ఆటోలు ఇంజను ఆపకుండా బేరాలాడేదీ అక్కడే. ఆ రోజు మొత్తం మీద మీరు పీల్చే అతి చెడ్డ గాలి బహుశా టీ కొట్టు దగ్గరిదే. స్నేహాలు మానుకోమనడం లేదు. ముసలితనంలో నడక నిలబడేది సగం స్నేహితుల వల్లే. టీ ఫ్లాస్కులో పోయించుకుని కాలనీ లోపల ఏ అరుగు మీదో కూర్చోండి.

గాలి ఎలా ఉందో చూసుకోవడానికి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వాళ్ల 'సమీర్' యాప్ ఫోన్‌లో పెట్టించుకోండి. రాజమహేంద్రవరం, ఏలూరు రెండూ 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమం కింద గాలి బాగుచేయాల్సిన ఊళ్ల జాబితాలో ఉన్నవే. ఆ యాప్‌లో ఏక్యూఐ, అంటే గాలి నాణ్యత సూచీ, అని ఒక అంకె వస్తుంది; అది పెరిగేకొద్దీ గాలి చెడ్డదన్నమాట. 100 లోపుంటే నడవండి. 100, 200 మధ్య ఉంటే నడవండి గానీ మెల్లగా, తక్కువసేపు, లోపలి వీధుల్లో. 200 దాటిన రోజున ఇంట్లోనే. రెండు సంగతులు మాత్రం గుర్తుంచుకోండి. ఒకటి, అది 24 గంటల సగటు, తెల్లవారుజామున మీ వీధిలో ఏముందో అది చెప్పదు. పొగ వాసన, కళ్ల మంట మీకు చెబుతాయి. రెండు, మన దేశం పీఎం 2.5కి పెట్టుకున్న రోజువారీ హద్దు 60 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టింది 15. మనకు ఏక్యూఐ 100 అంటే ఆ 60 అన్నమాట. వాళ్ల హద్దుకు నాలుగు రెట్లున్నా మన లెక్కలో అది 'సంతృప్తికరం'. ఇలాంటి మార్కుల పద్ధతి మీ క్లాసులో ఒప్పుకునేవారా?

మాస్కు అడిగారు. గుడ్డ మాస్కు, ఆకుపచ్చ సర్జికల్ మాస్కు దుమ్ముకు కొంచెం అడ్డం తప్ప సన్న నుసిని ఆపవు. ఎన్‌95 ఆపుతుంది, ముఖానికి అంచుల దగ్గర సందు లేకుండా పడితేనే. గడ్డం ఉంటే పట్టదు. అది పెట్టుకుని చురుగ్గా నడిస్తే ఊపిరి బిగదీసినట్టుంటుంది. గుండె జబ్బున్నవాళ్లు మీ డాక్టరుగారిని అడగకుండా దానితో వ్యాయామం చేయొద్దు. బజారుకెళ్లి హైవే దాటాల్సిన పని పడితే పెట్టుకోండి. నడకకు మాత్రం, మాస్కు అవసరమయ్యే చోట నడవకపోవడమే మేలు. భోగి రోజు తెల్లవారుజామున ఎలాగూ వీధి మంటల పొగ ఉంటుంది, ఆ ఒక్కరోజు నడక మానేయండి. మనవలు టైర్లు, ప్లాస్టిక్ కుర్చీలు మంటలో వేయకుండా చూసే డ్యూటీ మీరు తీసుకోండి.

వేగం ఎంతుండాలంటే, పక్కవాడితో మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. వారానికి 150 నిమిషాలు చాలు. ఒకేసారి చేయక్కర్లేదు, అన్నం తిన్నాక పది పది నిమిషాలు వీధిలోనే నడిచినా సుగరుకు బాగా పనిచేస్తుంది. 65 దాటినవాళ్లు నడకతో పాటు కండబలానికీ పడిపోకుండా ఉండడానికీ వారానికి మూడు రోజులు ఏదో ఒకటి చేయాలి. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోండి. గోడ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడండి. గాలి బాగోలేని రోజున ఇవే మీ వ్యాయామం. సుగరుంది కాబట్టి చెప్పులతో నడవొద్దు, బూట్లు వేసుకుని, ఇంటికొచ్చాక అరికాళ్లు చూసుకోండి. జేబులో నాలుగు గ్లూకోజు బిళ్లలో పంచదారో ఉండాలి. నడుస్తుండగా గుండెలో బరువు, దవడ లాగడం, ఎడమ చెయ్యి గుంజడం, చెమటలు, కళ్లు తిరగడం, వీటిలో ఏది వచ్చినా అక్కడే కూర్చుని 108కి ఫోన్ చేయించండి. గ్యాస్ అయ్యుంటుందిలే అని సోడా తాగుతూ కూర్చోవద్దు.

ట్రెడ్‌మిల్ విషయం మీ ఇష్టం. అలవాటు లేనివాళ్లు దాని మీద పడిపోతారని నా భయం, కొన్నాళ్లకు బట్టలారేసుకునే స్టాండ్ అవుతుందని నా అనుభవం. కొనాలనుకుంటే ముందు అది పెట్టే గదిలో ఏం కాలుతోందో చూడండి. మన డెల్టాలో దోమలు సరే, సాయంత్రం అయ్యేసరికి ప్రతి గదిలోనూ ఒక కాయిల్. చైనా, మలేషియా కాయిల్స్ మీద చేసి 2003లో ప్రచురించిన ఒక పరిశోధనలో, ఒక్క కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే పీఎం 2.5 నుసి 75 నుంచి 137 సిగరెట్ల నుసితో సమానమని తేలింది. తలుపులేసుకుని కాయిల్ వెలిగించి, దాని పక్కన ట్రెడ్‌మిల్ మీద నడిస్తే హైవే మీద నడిచినదానికంటే ఏం బాగుంటుంది? కిటికీలకు మెష్ కొట్టించండి, దోమతెర కట్టుకోండి. అగరొత్తులు దేవుడి దగ్గర ఒకటి చాలు, కట్ట అక్కర్లేదు. పోపు పెట్టేటప్పుడు వంటింటి ఫ్యాను వేయమనండి, అమ్మగారి ఊపిరితిత్తులు కూడా లెక్కలోకి వస్తాయి.

గాలి శుభ్రం చేసే మిషన్ హెపా ఫిల్టరుది, అంటే సన్న నుసిని కూడా పట్టే వడపోత ఉన్నది, అయితే పనిచేస్తుంది. కానీ ఒక గదికే, అదీ తలుపులూ కిటికీలూ మూసుకుని ఉన్నంతసేపే. మన ఇళ్లలో వీధి తలుపు తెల్లారిందగ్గర్నుంచీ తీసే ఉంటుంది. రాత్రి పడకగదిలో ఎనిమిది గంటలు మూసుకుని పడుకునే అలవాటుంటే, ఉన్నంతలో డబ్బుకు ఇబ్బంది లేకపోతే కొనండి. కాయిల్ మానేశాక మాత్రమే. అబ్బాయి పట్టుబడితే, గది కొలతలు చెప్పి దానికి సరిపడేది తీసుకోమనండి. ఫిల్టరు ఎన్ని నెలలకోసారి మార్చాలో, దానికెంతవుతుందో కొనేముందే అడగమనండి. మిషన్ కొన్నవాళ్లు చాలామంది ఫిల్టరు ఖరీదు విన్నాక దాన్ని ఆపేసి మూల పెడుతున్నారు.